వెండి గీత వెడల్పు

ఆ సోమవారం ఎలా గడవాలో సామ్సన్ ముందురోజు చర్చి నుంచి రాగానే ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎనిమిదింటికి ఉగ్గాని తినడం, ఎనిమిదిన్నరకు గది తెరవడం, తొమ్మిదింటికి వెండి రేకును మిషన్‌లోకి పంపడం, పదకొండుకు తనిఖీకి వచ్చినవాళ్లకు గీత చూపించడం, పన్నెండుకల్లా దేవుడికి స్తోత్రం చెప్పుకోవడం. ఐదే ఐదు పనులు. వీటిలో ఉగ్గాని తినడం ఒక్కటే అనుకున్నట్టు జరిగిందని ఇప్పుడే చెప్పేస్తే కథకేమీ నష్టం లేదు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డు పక్కన, పత్తి వ్యాపారి బాలకృష్ణయ్య కట్టించిన ఇంజనీరింగ్ కాలేజీలో సామ్సన్ టెక్నీషియన్. కాలేజీ వెనకవైపు, హాస్టల్ వంటగదికి ఆనుకుని, ఒక ఏసీ గది ఉంది. ఆ గదిలో ఉన్న మిషన్‌కు పద్నాలుగేళ్లుగా అమ్మా నాన్నా అతనే. బెంగళూరులో మూతపడిన ఒక ల్యాబు నుంచి బాలకృష్ణయ్య దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని లారీలో తెప్పించాడు. అదేం చేస్తుందో ఆయనకు ఆ రోజూ తెలీదు, ఈ రోజూ తెలీదు.

అది చేసే పని ఒక్కటే. ఒక వస్తువు మీద ఎక్స్-రేలు పడితే దాని పైపొరలోంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికొస్తాయి. ఆ ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి, పైపొరలో ఉన్నది వెండా, రాగా, సున్నమా అని మిషన్ గీతలు గీసి చెబుతుంది. పైపొర అంటే వెంట్రుక మందంలో పదివేలో వంతు. దాని కింద ఏమున్నా మిషన్‌కు అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క పాఠకులు గుర్తుపెట్టుకుంటే చాలు, ఎందుకంటే ఆ రోజు సామ్సన్ ఉద్యోగం ఆ పదివేలో వంతు మీదే నిలబడింది.

మిషన్‌కు ఎక్స్-రేలిచ్చే మూలాలు రెండున్నాయి. పాతదానిలో ఒక లోహపు ముక్కకు ఒక పక్క మెగ్నీషియం, ఇంకో పక్క అల్యూమినియం ఉంటాయి. దాని వెలుగు బలంగా ఉంటుంది కానీ కలగలుపుగా ఉంటుంది, అందుకని గీతలు లావుగా వస్తాయి, పక్కన ఒకటి రెండు దొంగ గీతలు కూడా మొలుస్తాయి. కొత్తది అల్యూమినియం వెలుగును క్వార్ట్జ్ పలకల మీద పడేసి, అందులో ఒకే ఒక శక్తి ఉన్న కిరణాన్ని ఏరి పంపుతుంది. వెలుగు తగ్గినా గీత సన్నబడుతుంది. పాతది పెద్ద పళ్ల దువ్వెన అనుకుంటే కొత్తది ఈర్పెన. ఆ ఈర్పెన ఇంకా పదునుగా ఉందా లేదా అన్నదే తనిఖీ. స్వచ్ఛమైన వెండిని పెట్టినప్పుడు దాని గీత వెడల్పు పాయింట్ ఆరు ఎలక్ట్రాన్ వోల్టు దాటకూడదు. దాటకపోతే కాలేజీకి పరిశోధన కేంద్రంగా గుర్తింపు వస్తుంది.

దాటితే ఏమవుతుందో బాలకృష్ణయ్య శుక్రవారమే చెప్పాడు. "గుర్తింపు వస్తే నీ ఉద్యోగం పర్మినెంటు సామ్సన్. రాకపోతే మిషన్ పాత ఇనుముకు, గది వంటోళ్లకు, నీ క్వార్టర్సు కొత్త వార్డెన్‌కు. నువ్వు యాడికి పోతావో నువ్వే సూసుకో." సామ్సన్‌కు నలభై ఆరేళ్లు. ఆదోనిలో ఎలక్ట్రాన్లు కొలిచేవాడికి ఇంకెవరూ పనివ్వరు. ఈ మాట తలచుకుని అతను మూడు రోజులుగా కంటి మీద కునుకు లేకుండా ఉన్నాడు. భార్య పద్మ మాత్రం ఆ ఉదయం ఉగ్గాని వడ్డిస్తూ, "మిషన్ సంగతి దేవుడు సూసుకుంటాడు, నువ్వు ఆ కాలరు మడత పెట్టుకో," అంది.

ఎనిమిదిన్నరకు గది దగ్గరికి వెళ్లేసరికి భీమక్క అప్పటికే నేల తుడుస్తోంది. ఆమె కాలేజీలో ఆయా, భర్త రంగన్న గేటు దగ్గర వాచ్‌మన్. ఇద్దరిదీ చిప్పగిరి పక్కన పల్లె. గది తాళంచెవి సామ్సన్ దగ్గర ఒకటి, ఆమె దగ్గర ఒకటి ఉంటాయి.

"ఏం భీమక్కా, ఇంత పొద్దన్నే వచ్చినావు?"

"పెద్దోళ్లు వస్తాండారంట గదా నాయనా. అంతా తళతళ లాడల్ల. నీకు మాట రాకూడదు."

గాజు మూత కింద పెట్టిన వెండి రేకు కూడా తళతళ లాడుతోంది. శనివారం దానికి కొంచెం గోధుమ రంగు మచ్చ ఉన్నట్టు సామ్సన్‌కు గుర్తు. ఇప్పుడది లేదు. మామూలు రోజైతే అతనికి అనుమానం వచ్చి ఉండేది. మూడు రాత్రులు నిద్రలేని మనిషి అనుమానపడడు, ఆశపడతాడు. ఇదంతా దేవుడి కృప అనుకుని రేకును పట్టకారుతో తీసి మిషన్‌లోకి పంపి, గాలి లాగే పంపు వేశాడు.

పదకొండుకు రావలసిన తనిఖీ పదింటికే వచ్చింది. వచ్చినావిడ పేరు నందిని, హైదరాబాద్ ప్రొఫెసర్, ఇలాంటి మిషన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. వెనకాలే బాలకృష్ణయ్య ఒక చేత్తో శాలువా, ఇంకో చేత్తో ముఖమల్ పెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టెలో ఆవిడకు ఇవ్వబోయే వెండి పళ్లెం ఉంది. ఆయన వెనకాల డ్రైవర్ ఎర్రిస్వామి పండ్ల బుట్టతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మొదలుపెట్టండి," అంది నందిని.

సామ్సన్ కొత్త మూలం వేశాడు. తెర మీద వెండి ఉండవలసిన చోట రెండు సన్నటి శిఖరాలు నిలబడాలి. అక్కడ చిన్న ఉబ్బు కనబడింది, దోమ కుట్టినంత. సామ్సన్ తెర మీదికి వంగాడు. క్వార్ట్జ్ పలకలు జరిగిపోయాయనుకున్నాడు. పద్నాలుగేళ్లు జరగని పలకలు ఈ రోజే ఎందుకు జరగాలి? కంగారులో, మేడంను అడగాలేమోనని ఒక్క క్షణం కూడా ఆగకుండా పాత మూలానికి మార్చేశాడు. ఉబ్బు కాస్త ఎత్తయింది, మూడింతలు లావయింది.

బాలకృష్ణయ్య ముఖం విప్పారింది. "ఆఁ, ఇప్పుడు లావుగా వచ్చింది సూడండి మేడం. ఇందాక మరీ బక్కగా ఉండె. మా సామ్సన్ గట్టోడు."

"లావుగా రాకూడదండీ. సన్నగా రావాలి."

"సన్నంగా ఉంటే ఎవురికి కనపడుతుంది మేడం?" అన్నాడు బాలకృష్ణయ్య. పత్తి బేళ్లు కొనే మనిషికి లావు తప్పంటే ఎలా నచ్చుతుంది?

నందిని కుర్చీ ముందుకు జరుపుకుని, కొత్త మూలం మళ్లీ వేయించి, మొత్తం గీతలన్నీ మొదటి నుంచీ గీయించింది. పెన్ను కొసతో ఒక్కొక్కటీ చూపిస్తూ పోయింది. "కాల్షియం. పొటాషియం. సిలికాన్. బోలెడంత కార్బన్. మిషన్‌కేం కాలేదు. వెండి మీద బూడిద ఉంది. ఇక్కడికి బూడిద ఎలా వచ్చింది?"

గుమ్మం దగ్గర నుంచి భీమక్క నొచ్చుకున్న గొంతుతో, "పొయ్యిలో బూడిద కాదమ్మా, అది ఇభూ..." అంది.

సామ్సన్‌కు ఒక్కసారిగా అంతా అర్థమైంది. నల్లబడిన వెండిని విభూతితో తోమడం భీమక్క ఎరిగిన పని. దేవుడి దగ్గర కుంకుమ గిన్నెను తోమినట్టే ఈ రేకునూ తోమింది, అతనికి మాట రాకూడదని. కంటికి వెండి మెరుస్తోంది. మిషన్‌కు మాత్రం పైన అంటుకున్న విభూతి పొరే లోకమంతా. కిందటేడు ఒక గాజు బీకరు పగలగొట్టినందుకు బాలకృష్ణయ్య ఇంకో ఆయాను సాయంత్రంకల్లా పంపించేసిన సంగతి కూడా అతనికి గుర్తొచ్చింది.

"నేనే మేడం," అన్నాడు. "నేనే తోమినాను. విభూతితో."

బాలకృష్ణయ్య అతని మెడలో ఉన్న శిలువ వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు, మళ్లీ శిలువ వైపు చూశాడు. "నువ్వా? విభూతితోనా?" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, నందిని వైపు తిరిగి, "మా కాలేజీలో అందరికీ భక్తి ఎక్కువ మేడం," అన్నాడు.

నందిని ఆ భక్తిని పక్కనపెట్టి, "ఆర్గాన్ గన్ వేసి పైపొర చెక్కేయండి, పావుగంటలో శుభ్రపడుతుంది," అంది.

సామ్సన్ నేల చూశాడు. "ఆర్గాన్ సిలిండరు ఖాళీ మేడం. కిందటివారం గేటు వెల్డింగుకు తీస్కపోయినారు."

"ఏ గేటు?"

"మీకు స్వాగతం చెప్పేకి కట్టిన స్టీలు గేటు మేడం," అన్నాడు బాలకృష్ణయ్య సంతోషంగా. "వస్తా వస్తా సూసే ఉంటారు."

నందిని కళ్లజోడు తీసి తుడుచుకుంది. రేకు కాగితమంత పలచగా ఉంది, బ్లేడుతో గీకితే చిరిగిపోతుంది. ఇంకో వెండి ముక్క ఉంటే దాన్ని గీకి, గీకిన చోట కొలవొచ్చు అంది. లేకపోతే తనిఖీ ఇక్కడితో ముగిసినట్టే. ఆ మాటతో సామ్సన్ కళ్ల ముందు క్వార్టర్సులో పద్మ కుట్టుమిషను, దాన్ని గేటు బయట పెట్టిన దృశ్యం కదలాడాయి.

"వెండికేం కరువు మేడం," అన్నాడు బాలకృష్ణయ్య. ముఖమల్ పెట్టె తెరిచాడు. "మా వియ్యంకుని కొట్టుదే. స్వచ్ఛమైన వెండి. మీకు ఇచ్చేదే. ఒక మూల కత్తిరించుకోండి, మీకు గుర్తుగా ఉంటాది."

వద్దని నందిని మూడుసార్లు అంది. ఆయన వినలేదు. సామ్సన్ రేకులు కత్తిరించే కత్తెరతో పళ్లెం అంచున గోరంత ముక్క తీశాడు. పద్ధతి ప్రకారం బ్లేడుతో గట్టిగా గీకాడు. గీకుతుంటే వెండి తెలుపు పోయి లోపల పసుపుపచ్చ ఛాయ వచ్చినట్టనిపించింది. ట్యూబులైటు వెలుతురు అయివుంటుందని తనకు తానే చెప్పుకున్నాడు. ముక్కను లోపలికి పంపి, గాలి లాగే ఇరవై నిమిషాలూ పైకే చూస్తూ కూర్చున్నాడు.

గీతలు వచ్చాయి. ఈసారి ఒక్కొక్కటీ సూదిలా, ముచ్చటగా నిలబడ్డాయి. రాగి. జింకు. నికెల్. వెండి ఉండవలసిన చోట మాత్రం నేల చదునుగా ఉంది.

"మూలం బాగుంది, పలకలు బాగున్నాయి," అంది నందిని నెమ్మదిగా. "కానీ ఇందులో వెండి లేదండీ. పైన పూత ఉండింది, గీకితే పోయింది. ఇది జర్మన్ సిల్వర్."

గుమ్మంలో ఎర్రిస్వామి పండ్ల బుట్ట కింద పెట్టి మరీ చెవులు రిక్కించాడు.

బాలకృష్ణయ్య సామ్సన్ మోచెయ్యి పట్టుకుని మిషన్ వెనక్కి లాక్కుపోయాడు. "మిషన్ కెట్టుపోయిందని సెప్పు."

"కెట్టుపోయిందంటే గుర్తింపు రాదు గదా సారూ."

"వియ్యంకుని కొట్టు పళ్లేలు కలెక్టరాఫీసు కాడినించి ఎస్సై దంకా అందరి ఇండ్లల్లో ఉండాయిరా. నేనే ఇచ్చినా. మిషన్ తప్పని సెప్పు."

సామ్సన్ లెక్క వేసుకున్నాడు. మిషన్ మంచిదంటే సారు పరువు పోతుంది, సారు పరువు పోతే తన ఉద్యోగం పోతుంది. మిషన్ చెడ్డదంటే మిషనే పోతుంది, మిషన్‌తోపాటు తన ఉద్యోగం పోతుంది. ఎటు తిరిగినా కొత్త వార్డెనే తన క్వార్టర్సులో కాపురం పెడుతున్నాడు.

అటువైపు భీమక్క మాట వినబడింది. "అమ్మా, వెండి ముక్క సాలునా? ఇది సూడు. మా అత్త పెట్టిన మెట్టె. నలభై ఏండ్లాయ."

ఇద్దరూ బయటికొచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని, తుడిచే బకెట్లో సబ్బునీళ్లు వేలికి పూసుకుని కుడికాలి మెట్టె లాగుతోంది. తాళి కట్టించుకున్న రోజు నుంచీ రాని మెట్టె ఒక పట్టాన వస్తుందా? పంటి బిగువున లాగింది. ఊడి వస్తుండగా ఒక్క క్షణం ఆగి ఎర్రిస్వామిని పిలిచింది. "నాయనా, గేటు కాడికి పోయి మీ రంగన్న మామకు సెప్పు. మెట్టె తీస్తాండా, కుర్చీలోనించి లేయొద్దు, రోడ్డు దాటొద్దు, ఏమీ తినొద్దు అని సెప్పు."

ఎర్రిస్వామి పరిగెత్తాడు. మెట్టె ఊడింది. సామ్సన్ దాన్ని బ్లేడుతో గీకాడు. గీకినకొద్దీ తెల్లగానే ఉంది. లోపలికి పంపి, ఇరవై నిమిషాలు గాలి లాగి, కొత్త మూలం వేశాడు. రెండు శిఖరాలు పక్కపక్కనే, మధ్యలో ఖాళీ అడుగంటా కనబడేలా, తాటిచెట్లలా లేచి నిలబడ్డాయి. నందిని వంగి పెద్దదాని వెడల్పు చూసింది. పాయింట్ ఐదు నాలుగు.

"చాలా మంచి వెండి," అంది నందిని. "ఇంత పాత మిషన్‌ను ఇలా ఉంచిన మనిషిని నేను చూడలేదు సామ్సన్ గారూ." అక్కడికక్కడే కాగితాల మీద సంతకం పెట్టింది. సామ్సన్‌కు ఏడుపొచ్చినంత పనయింది, 'గారు' అని ఎవరూ అనక చాలా ఏళ్లయింది. పోతూ పోతూ ఆవిడ పళ్లేన్ని మర్యాదగా బాలకృష్ణయ్య చేతిలో పెట్టి, మూల తెగింది కదా, మీ దగ్గరే ఉండనివ్వండి అంది.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ గేటు దగ్గరికి పోయిన ఎర్రిస్వామి రంగన్నకు కబురు చెప్పి ఊరుకోలేదు. టీ బంకు దగ్గర ఆగి పళ్లెం సంగతి కూడా చెప్పాడు. ఒంటిగంటకల్లా ఒక రిటైరైన తాసిల్దారు తువ్వాల్లో పళ్లెం చుట్టుకుని ఆటోలో దిగాడు. ఆయన వెనకే ఎమ్మిగనూరు నుంచి ఒకామె రెండు దీపపు కుందులతో వచ్చింది. మూడింటికి గేటు బయట యాభై మంది ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి గుడ్డలో చుట్టి ఉంది, అందరికీ తమది మాత్రం అసలు వెండేనని నమ్మకం ఉంది. కుర్చీలోనించి లేవొద్దని భార్య చెప్పింది కాబట్టి రంగన్న కుర్చీలోనే కూర్చుని అందరికీ టోకెన్లు రాసిచ్చాడు.

బాలకృష్ణయ్య ఫోన్ మోగింది. చెవి సరిగా వినబడదని ఆయన ఎప్పుడూ స్పీకర్ మీద పెట్టుకునే మాట్లాడతాడు. మేడంను సాగనంపి అప్పుడే గదికి తిరిగొచ్చి, మెట్టెను బయటికి తీయడానికి వాల్వు మూసి మిషన్‌లోకి నైట్రోజన్ వదలబోతున్న సామ్సన్‌కు వియ్యంకుని గొంతు స్పష్టంగా వినబడింది. "బావా, నువ్వు ఆ మిషన్ ఆపుతావా, ల్యాకుంటే ఇన్నేండ్లు తగ్గు రకమే ఇమ్మని అడిగింది ఎవురో నేను సెప్పాల్నా?"

బాలకృష్ణయ్య ఫోన్ జేబులో పెట్టుకుని, గదిలోకొచ్చి, గోడకున్న మెయిన్ స్విచ్ తనే ఆపేశాడు. "వాల్వు మీదినించి చెయ్యి తీయ్," అన్నాడు.

"సారూ, భీమక్క మెట్టె లోపల..."

"బయటికి నడువు."

"గుర్తింపు వచ్చింది గదా సారూ."

"వచ్చింది. గుర్తింపే గదా కావల్సింది. ఇంగ మిషన్‌తో పనేముండాది?" నాలుగింటికి గదికి రెండు తాళాలు పడ్డాయి. నాలుగున్నరకు సామ్సన్ చేతిలో టైపు చేసిన కాగితం పడింది. క్వార్టర్సు ఖాళీ చేయడానికి శనివారం దాకా గడువు.

క్వార్టర్సు వంద అడుగుల దూరంలోనే ఉంది. ఆ వంద అడుగులు వేసి పద్మ ముఖం చూడలేక అతను గేటు పక్కన కల్వర్టు మీద కూర్చున్నాడు. స్టీలు గేటు ఎండలో మెరుస్తోంది. తన ఆర్గానంతా ఆ గేటులో ఉంది. ఏడవాలని ఉంది, చుట్టూ టోకెన్లు పట్టుకున్న జనం ఉండడంతో అదీ కుదరలేదు. కాసేపటికి భీమక్క చీపురు పక్కన పెట్టి వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నా మెట్టె?"

"లోపలే ఉండాది భీమక్కా. తీసేది నాకొక్కనికే తెలుసు. నన్ను ఇంగ పోనీరు."

ఆమె గేటు వైపు చూసింది. "మీ మామ బాగనే ఉండాడులే. టోకెన్లు రాసి రాసి చెయ్యి నొస్తాందంట, అంతే." మళ్లీ, "దాంట్లో గాలి ల్యాదంటివి గదా. నల్లబడదా?" అంది.

"నల్లబడదు. పదేండ్లయినా అట్లనే ఉంటాది."

"అది నయమే. ఆ కాయితంలో ఏం రాసినారు?"

సామ్సన్ చదివి వినిపించాడు. 'తనిఖీకి ఉంచిన వెండి రేకును విభూతితో తోమి పాడుచేసినట్టు స్వయంగా ఒప్పుకున్నందున తక్షణమే విధుల నుంచి తొలగించడమైనది.'

భీమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను పోయి సెప్తా నాయనా. తోమింది నేనని సెప్తా."

"సెప్పొద్దు. సెప్తే నీదీ పోతాది, నాది రాదు."

ఆదోని బస్సు వచ్చి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది. భీమక్క మెట్టె లేని వేలిని చేత్తో కప్పుకుంది.

"నాకు నిన్ననే మనసులో పీకుతాండె నాయనా," అంది చివరికి. "చింతపండుతో తోమాల్సింది."